అవ్వ దగ్గర లేని సమాధానం

మొన్న ఫోన్‌లో నువ్వొక మాట అన్నావు పెద్దదానా. వచ్చే ఆదివారం మీ పూణే గుడిలో నువ్వు మొదటిసారి ప్రభు సంస్కారం తీసుకోబోతున్నావు కదా. దానికి సిద్ధపడడానికి పిల్లలందరికీ ఒక కాగితం ఇచ్చారని, అందులో ప్రశ్నలున్నాయని, పక్కన టిక్కులు పెట్టాలని చెప్పావు. "అందరితో సమాధానంగా ఉన్నావా అని ఒకటి ఉందవ్వా, దానికి ఫస్టే టిక్ కొట్టేశా," అన్నావు. వెనకనుంచి తమ్ముడు, "అబద్ధం అవ్వా, నాతో రెండు రోజుల నుంచి మాట్లాడటం లేదు," అన్నాడు. నువ్వు వాడి మీద ఏదో విసిరినట్టున్నావు. ఫోన్ కట్ అయింది.

నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీ అత్త కాఫీ తెచ్చి పెట్టి, చల్లారిపోతే మళ్లీ వేడిచేసి తెచ్చింది. ఇక్కడ తిరుపతిలో మా కిటికీకి ఎదురుగా కొండ కనిపిస్తుంది, తెలుసు కదా. కొండను చూస్తూనే ఉన్నాను గానీ నా కళ్లకు కనిపించింది మా ఊరి గుడి. ఇదంతా ఫోన్‌లో చెబితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు. ముందు వాడితో మాట్లాడి, తర్వాత వినిపించు.

మాది పూతలపట్టులో బస్సు దిగి, మామిడి తోపుల నడుమ గంటసేపు నడిస్తే వచ్చే ఊరు. గుడి అంటే పెంకుల కప్పు, మట్టి గోడలకు సున్నం, తలుపు మీద చెక్క సిలువ. లోపల బెంచీలు లేవు, ఈత చాపలు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. పాస్టరును మేం అయ్యగారు అనేవాళ్లం. ఆయన చిత్తూరు నుంచి సైకిల్ మీద నెలకు ఒక్క ఆదివారం వచ్చేవారు. ఆ ఆదివారమే సంస్కారం. దాన్ని మేం బల్ల అనేవాళ్లం. దేవుని బల్ల.

"ఈ వారం బల్ల ఉండాది" అన్నారంటే ఊళ్లో మావాళ్ల గొంతులు తగ్గిపోయేవి. బావి దగ్గర కడవల కోసం పోట్లాడుకున్నవాళ్లు శనివారం మజ్జిగ చెంబు పట్టుకుని ఒకరింటికి ఒకరు పోయేవాళ్లు. "మాట కలుపుకొనేదానికి వచ్చినా అక్కా," అంటే, "నువ్వు రాకుంటే నేనే వస్తా ఉండినా, అంతలో నువ్వే వస్తివి," అని రెండో ఆమె అబద్ధం చెప్పేది. ఆ అబద్ధాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

బల్ల మీద పెట్టే రొట్టె, ద్రాక్షరసం తయారుచేసేది మా అవ్వ, అంటే మా నాయన వాళ్లమ్మ. ఆ పని అంతకుముందు ఆమె అత్తగారిది. ఆ ముసలామె పోయాక మా అవ్వ చేతికి వచ్చింది.

ఎండుద్రాక్ష తెచ్చేది నేను. ఊళ్లో ఒకే అంగడి, శెట్టిగారిది. నన్ను చూడగానే, "ఏం పాపా, మీ సామి పనికేనా?" అని అడిగేవాడు. ఔనంటే లేచి, వెనక్కి పోయి చేతులు కడుక్కుని, ముందర ఉన్న డబ్బా కాదని లోపలి డబ్బా తీసేవాడు. "కొండ మీద లడ్డులో వేసేదీ ఇట్లాంటి ద్రాక్షే. సామి పనికి పుచ్చుది ఇచ్చేదానికి నాకు ధైర్యం చాలదమ్మా," అనేవాడు. వేరే సరుకు తూచేటప్పుడు ఒకటి రెండు పలుకులు నోట్లో వేసుకునే మనిషి, ఆ ద్రాక్ష తూచేటప్పుడు పెదవులు బిగించుకుని ఉండేవాడు.

అవ్వ వాటిని కడిగి, నానబెట్టి, ఆ పనికి తప్ప దేనికీ వాడని కుండలో ఉడికించేది. చింతకట్టెల పొగ, ద్రాక్ష తీపి కలిసిన వాసన వీధి మొదటిదాకా పోయేది. తెల్లటి గుడ్డలో వడగట్టి, మిగిలిన పిప్పిని కాళ్ల కింద పడకూడదని కనకాంబరం చెట్టు మొదట్లో పూడ్చిపెట్టేది. రొట్టెకు గోధుమపిండి. మా ఇంట్లో రోజూ తినేది రాగిసంగటి, ఊరిబిండి. గోధుమపిండి వచ్చేది ఈ ఒక్క పనికే. కొలిచి కలిపేది, ఎన్ని కావాలో అన్నే కాల్చేది. "బల్ల మీదికి పోయేదాన్ని ముందే రుచి చూడకూడదు," అనేది అవ్వ. ఆమె అత్తగారు చెప్పిన మాట. ఎవరూ చూడరు, ఆమె కూడా చూడదు.

నేను చూశాను. రొట్టె కాదు, పిప్పి. ఒక నెల అవ్వ పూడ్చిపెట్టమని నా చేతికిస్తే పిడికెడు తిని మిగతాది పూడ్చాను. ఆ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

ఆ ఎండాకాలం మేం అయిదుగురు పిల్లలం బల్లకు సిద్ధపడుతున్నాం. నాకు పదమూడేళ్లు. మాలో పెద్దది బండింటి మనవరాలు. ఊరి మొత్తానికి మావాళ్లలో ఎద్దులబండి ఉన్న ఇల్లు వాళ్లదొక్కటే, అందుకని వాళ్లది బండిల్లు, వాళ్ల ముసలామె బండింటవ్వ. వాళ్లూ మేమూ ఒకరి గడప ఒకరం తొక్కేవాళ్లం కాదు. ఎందుకో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఊళ్లో అన్ని ఎద్దుల మెడలోనూ గంటలుండేవి, వాళ్ల ఎద్దులకు మాత్రం ఉండేవి కావు. మేం పిల్లలం ఆ బండి వెనకాల పరిగెత్తుతూ "మూగెద్దులు, మూగెద్దులు" అని ఎక్కిరించేవాళ్లం.

అయ్యగారు ఆ రెండు నెలలు ప్రతి శుక్రవారమూ వచ్చి మాకు చెప్పేవారు. ఒక చిన్న నీలం పుస్తకం ఇచ్చారు. అందులో ప్రశ్న, దాని కింద సమాధానం. మొత్తం నలభై రెండు. నేను బడిలో సమాధానాలు గడగడా చెప్పే పిల్లను. పదిహేను రోజుల్లో నలభై రెండూ నోటికి వచ్చేశాయి. బల్ల దగ్గర చేతులు ఎలా పట్టాలో కూడా ఆయనే నేర్పారు. ఎడమ అరచేయి కింద, కుడి అరచేయి పైన, పిట్ట వాలడానికి చోటిచ్చినట్టు. అలవాటు కావడానికి వేయించిన సెనిక్కాయ పప్పు ఒక్కొక్కటి మా అరచేతుల్లో పెట్టేవారు. మేం వంచిన తల ఎత్తకుండా తిని, మళ్లీ చేతులు చాపేవాళ్లం. "ఒక్కసారే నాయనా, ఇది టిఫిను కాదు," అనేవారు ఆయన.

ఒక శుక్రవారం మాత్రం నవ్వకుండా చెప్పారు. "రోజూ సాయంత్రం పది నిమిషాలు ఒంటరిగా కూర్చోండి. ఆ రోజు ఏం చేశారో, ఎవరిని ఏమన్నారో తలుచుకోండి. దాచొద్దు, పెంచొద్దు. తనను తాను చూసుకోకుండా ఆ రొట్టె తినేవాడు తన మీదికి తానే తీర్పు తెచ్చుకుంటాడు." ఆ మాట వినగానే నాకు ద్రాక్ష పిప్పి గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి సందకాడ రుబ్బురోలు మీద కూర్చునేదాన్ని. తోపులో తోతాపురి కాయలు కోసింది, మూగెద్దులు అన్నది, పిప్పి తిన్నది. ఈ మూడూ వరసగా వచ్చి నా ముందర నిలబడేవి.

చివరికి చిత్తూరు పెద్ద గుడిలో బిషప్పుగారు మా తలల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. ఆ చేతి బరువు, వెచ్చదనం ఇంటికొచ్చేదాకా నా మాడు మీద ఉండింది. తర్వాతి ఆదివారమే మాకు మొదటి బల్ల.

దానికి ముందటి శుక్రవారం అయ్యగారు మమ్మల్ని ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి ఒకే ప్రశ్న అడిగారు. "సమాధానం ఉందా?"

ఇప్పుడు మీరు నవ్వొద్దు. గుడిలో ఆ మాట నేను నెలనెలా విన్నదాన్నే. సంస్కారానికి ముందు అయ్యగారు బల్ల దగ్గర నుంచి సమాధానం తెచ్చి, జోడించిన చేతులతో పెద్దల చేతుల్లో పెడతారు, వాళ్లు పక్కవాళ్ల చేతికి, అలా చేతుల్లోంచి చేతుల్లోకి చివరి చాపదాకా పోతుంది. అదొక రకం దండం అనుకునేదాన్ని. గుడి మాటలు గుడివి, బడి మాటలు బడివి. చేతిలో నీలం పుస్తకం ఉన్నప్పుడు సమాధానం అంటే నాకు తెలిసింది ఒకటే.

"అన్నీ ఉండాయి అయ్యగారూ," అన్నాను.

ఆయన నా చేతిలోని నీలం పుస్తకం వైపు చూశారు. "అన్నీనా? మంచిది తల్లీ," అన్నారు.

పిల్లలు వెళ్లిపోయాక నేను చాపలు చుడుతున్నాను. అవ్వ అయ్యగారికి మజ్జిగ తెచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని, మెల్లగా అన్నారు. "అమ్మా, ఎల్లుండి మీ మనవరాలు మొదటిసారి బల్లకు వస్తోంది. ఈసారైనా ఆమె పక్కన వచ్చి మోకరించండి."

"బండింటామెకూ నాకూ నడుమ సమాధానం లేదు అయ్యగారూ. లేనిదాన్ని ఉండాదని ఎట్ల చెప్పేది? దేవుని ముందర అబద్ధం తినేదానికి నా చేత కాదు."

"రొట్టె మీరే చేస్తారు కదమ్మా."

"చేసేదానికి చేతులు కడుక్కుంటే చాలు."

ఆయన మజ్జిగ తాగి గ్లాసు తిరిగిచ్చారు. నేను చుట్టిన చాప పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అందరూ బల్ల దగ్గరికి లేచి వెళ్లేటప్పుడు అవ్వ తలుపు దగ్గర, చెప్పుల పక్కన, చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేది. పిల్లలను చూసుకోవడానికి ఉండిపోతుందని అనుకునేదాన్ని. నేను పుట్టకముందు నుంచీ ఆమె ఆ రొట్టె తినలేదని అప్పుడు తెలిసింది. ఆ పని చేతికి వచ్చినప్పటి నుంచీ, తన చేత్తో కాల్చిన రొట్టెను అక్కడ ఒక్కసారి కూడా నోట పెట్టలేదు.

నా తలలో ఇంకొకటి కూడా తిరిగింది. నా దగ్గర నలభై రెండు సమాధానాలున్నాయి. అవ్వ దగ్గర ఒక్కటి లేదు. ఆ ఒక్కటీ తెచ్చిస్తే ఎల్లుండి నా పక్కన మోకరిస్తుంది.

సమాధానం తేవాలంటే ముందు ప్రశ్న ఏదో తెలియాలి. శనివారం పొద్దున నాయన దొడ్లో మోకు పేనుతుంటే పోయి అడిగాను. "నాయనా, అవ్వకూ బండింటవ్వకూ ఏమి?"

ఆయన చేతులు ఆగలేదు. "ఎందుకు నీకు?"

"రేపు నాకు బల్ల కదా."

అప్పుడు చెప్పాడు. "నాకొక చెల్లెలు ఉండింది. ఆరేండ్లది. ఒళ్లు కాలిపోయే జొరం వచ్చి, అమ్మవారు పోసింది. పెద్దాసుపత్రికి ఎత్తుకోని పోవల్ల. మా నాయన పోయి బండి అడిగినాడు. ఎద్దులు ఊర్లో లేవనింది బండింటామె. సరే అని నేనూ నాయనా మార్చి మార్చి భుజానేసుకోని నడిచినాం. మీ అవ్వ వెనకాల చెంబుతో నీళ్లు ఎత్తుకోని వస్తా ఉండాది. వాళ్ల కొట్టం దాటతా ఉంటే లోపల ఎద్దుల గంటలు మోగినాయి." మోకును ఒకసారి బిగించి చూశాడు. "రోడ్డు చేరేలోపలే పాప పోయింది."

"బండి ఎందుకియ్యలా?"

"ఎవురికి తెలుసు. ఆమె చెప్పలా, మేం అడగలా."

ఇదే, అనుకున్నాను. నలభై మూడో ప్రశ్న.

మధ్యాహ్నం ఊరంతా నీడన పడుకున్న వేళ బండింటికి పోయాను. పుట్టి బుద్ధెరిగాక ఆ గడప తొక్కడం అదే మొదలు. బండింటవ్వ వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఎవురే అది?"

"నేనే అవ్వా."

"నేనంటే?"

"బల్ల రొట్టె చేసే ఇంటి పాపను."

గింజ తీసే కత్తి ఆగింది. "మీ అవ్వ పంపిచ్చిందా?"

"లేదు. నేనే వచ్చినా. సమాధానం కావల్ల అవ్వా."

ఆమె నన్ను చూస్తూ కత్తి పక్కన పెట్టింది. గోడ పట్టుకుని లేచింది. చేతుల చింతపండు జిగురు కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. గుడిలో అందించినట్టు రెండు చేతులూ నా ముందుకు చాపింది.

నేను నా చేతులు కదపలేదు. "అది కాదవ్వా," అన్నాను. "ఆ పొద్దు బండి ఎందుకియ్యలా? దానికి సమాధానం."

ఆ చేతులు అలాగే గాలిలో కాసేపు ఉండి కిందికి వాలాయి. ఇన్నేళ్లయినా ఆ రెండు చేతులూ నా కళ్ల ముందర అలాగే ఉన్నాయి. అప్పటికి నేనేం చేశానో నాకు తెలియదు. నాకు సమాధానం కావాలి, అంతే.

ఆమె గోడకానుకుని కూర్చుంది. "ఎద్దులు ఉండినాయి," అంది. "కొట్టంలోనే ఉండినాయి. అబద్ధం చెప్పినా. నా కోడలు నిండు చూలాలు. ఆ జబ్బు బండెక్కి మా ఇంట్లోకి వస్తాదని భయపడినా. భయం తప్ప ఇంకేం లేదు పాపా. ఆ బిడ్డ బతికింది. నీతో పాటు రేపు బల్లకొస్తాంది. దాన్ని చూసినప్పుడల్లా మీ ఇంటి పాప గెవనానికొస్తాది."

వసారా మేకుకు రెండు గంటల పట్టెడలు వేలాడుతున్నాయి. మీద దుమ్ము పేరుకుపోయి, తోలు ఎండి బిగుసుకుపోయింది. నేను వాటివైపు చూడడం ఆమె చూసింది.

"ఆ పొద్దే ఇప్పేసినా. ఆ మోత ఇంక నేను వినలేను."

"మరి బల్లకు ఎట్ల పోతావవ్వా ప్రతి నెలా?" అన్నాను. ఆ వయసులో ఎవరిని ఏమడగకూడదో తెలియదు కదా.

"మీ అవ్వ చేసిన రొట్టె అది. గొంతు దిగేదానికి ఎంతసేపు పడతాదో నాకు తెలుసు. అది తినకుంటే బతకలేను, అందుకే పోతా." కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇదే సమాధానం. పోయి చెప్పు. మన్నించమని మాత్రం నువ్వు చెప్పొద్దు. అది నేను అడగల్సింది."

మా ఊళ్లో ఏ ఇంటికి పోయినా పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టే పంపేవాళ్లు. ఆమె ఏమీ పెట్టలేదు.

సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే అవ్వ పిండి కలపడానికి కూర్చుంది. తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని. ఆ పనిలో ఉన్నప్పుడు ఆమెతో మాట్లాడకూడదు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వా, సమాధానం తెచ్చినా."

"ఏం తెస్తివి?"

చెప్పాను. ఒక్క మాట వదలకుండా, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాను. ఎద్దులు ఉన్నాయనింది, అబద్ధం చెప్పినాననింది, కోడలు నిండు చూలాలనింది. అవ్వ చేతులు పిండిలో ఆగిపోయాయి.

"భయపడినానని ఆమె నోటితో అనిందా?"

"అనింది. గంటలు కూడా ఆ పొద్దే ఇప్పేసిందంట."

అవ్వ తల వంచుకునే అంది. "ఆ మాట ఆ పొద్దే చెప్పింటే, నేనే బండి వద్దందునేమో. కడుపుతో ఉండేదాన్ని నేను మాత్రం..." తల ఎత్తి, "నిన్ను ఎవురే పొమ్మనింది?" అంది.

"సమాధానం లేదని అయ్యగారికి నువ్వే చెప్తివి కదా. నా దగ్గర నలభై రెండు ఉండాయి. నీకు ఒక్కటే కదా లేంది అని."

అవ్వ నా ముఖంలోకి అలాగే చూసింది. పిండి చేత్తోనే నా గడ్డం పట్టుకుంది. "పిచ్చిదానా, ఇంకో సమాధానం ఉండాది. అది ప్రశ్నకు వచ్చేది కాదు. మనిషికీ మనిషికీ నడుమ వచ్చేది. గుడిలో చేతుల్లో పెట్టేది అదే. నేను లేదనింది దాన్ని."

బండింటవ్వ చాపిన చేతులు అప్పుడు అర్థమయ్యాయి నాకు. ఏడుపొచ్చింది. అవ్వ మళ్లీ పిండి కలుపుతూ, "ఏడ్చొద్దు. నువ్వు తెచ్చిన ఇది లేకుండా అది యాడ వస్తాది," అంది.

ఆ ఊపులోనే రెండోది కూడా చెప్పేశాను. "అవ్వా, ఇంకొకటి. పోయిన నెల ద్రాక్ష పిప్పి తిన్నా."

"ఎంత?"

"పిడికెడు."

"తీయగుండిందా?"

"ఉండింది."

"కనకాంబరం చెట్టుకు పిడికెడు తక్కువైంది. పోయి మొహం కడుక్కో, పిండి అంటింది."

ఆదివారం పొద్దున పొయ్యి వెలిగించలేదు. బల్లకు ముందు నీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. అమ్మ నాకు సీకాయతో తలంటి, గంజి పెట్టిన తెల్ల ఓణీ కట్టింది. ఆకలికి చెవులు గుయ్యిమంటున్నాయి. అవ్వ రొట్టెను తెల్లగుడ్డలో కప్పి, తల మీద పెట్టుకుని ముందు నడిచింది. దోవలో ఎదురొచ్చిన శెట్టిగారు చెప్పులు వదిలి పక్కకు నిలబడ్డాడు.

సమాధానం అందించే వేళ వచ్చింది. అయ్యగారు బల్ల దగ్గర నుంచి తెచ్చి మగవాళ్ల పెద్దకు ఒకరికి, ఆడవాళ్ల ముందు చాపలో గోడ పక్కన కూర్చునే బండింటవ్వకు ఇచ్చారు. ఆమె పక్కన మేం పిల్లలం. ఆమె నా వైపు తిరిగి నా చేతుల్లో పెట్టాలి. తిరగలేదు. మూసిన చేతులు అలాగే పట్టుకుని లేచింది. దోసిట్లో నీళ్లు తొణక్కుండా తీసుకుపోయినట్టు, చాపల నడుమ ఒక్కొక్క అడుగే వేస్తూ తలుపు దాకా పోయింది. గాజుల చప్పుడు కూడా లేదు. అయ్యగారు పుస్తకం మూసి నిలబడ్డారు.

అవ్వ చెప్పుల పక్కన కూర్చుని ఉంది, ఒళ్లో ఎవరిదో చంటిపిల్ల. బండింటవ్వకు మోకాళ్లు వంగవు. నడుము వంచి చేతులు చాపింది. "అబద్ధం చెప్పినా అమ్మీ. మన్నించు," అంది. ఆ గొంతు చివరి చాపదాకా వినిపించింది.

ఆ చేతులు మళ్లీ గాలిలోనే ఉన్నాయి. నిన్న వాటిని కిందికి దించేసింది నేనే. అవ్వ ఒళ్లోని పిల్లను పక్కామెకు అందించి, తన చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ చేతుల్లో పెట్టింది.

బల్లకు పిలిచారు. మేం అయిదుగురం ముందు మోకరించాం. నా పక్కన చోటు ఖాళీగా ఉంచి వెనక్కి చూశాను. అవ్వ అక్కడే కూర్చుని ఉంది.

అయ్యగారు నా అరచేతిలో రొట్టె ముక్క పెట్టారు. గోరంత. నిన్న మా వంటింట్లో ముద్దగా చూసిన పిండి. నా కళ్లముందే కలిపింది, కాల్చింది. అదే నా చేతిలోకి వచ్చేసరికి నేనెప్పుడూ చూడనిదిగా ఉంది. నాలుక మీద ఏ రుచీ తగల్లేదు. పవిత్రమైనదానికి రుచి ఉండదేమో అనుకున్నాను. వెండి గిన్నె అంచు చల్లగా తగిలింది, ద్రాక్ష వాసన వచ్చింది. నలభై రెండు సమాధానాల్లో ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. అంత పెద్దది అంత చిన్నదిగా నా చేతిలోకి ఎలా వచ్చిందో ఆ రోజు తెలియలేదు. ఈ రోజుకీ తెలియదు. ప్రతిసారీ చేతులు చాపేటప్పుడు ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది.

ఇంటికొచ్చేటప్పుడు అవ్వ మీద అలిగాను. "చేతులు ఇస్తివి కదా, మరి ఎందుకు రాలా?"

"చెయ్యి ఇచ్చినా పాపా. మనసు ఇంకా దోవలో ఉండాది. అది కూడా వచ్చినాక పోతా. ఆయన యాడికి పోతాడు."

మనసు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అవ్వ సందకాడ నా రుబ్బురోలు మీద కూర్చునేది. నేను పక్కన నేల మీద కూర్చునేదాన్ని. ఆమె ఏం తలుచుకునేదో నేను అడగలేదు.

నీ కాగితం మీద ఆ టిక్కు పెన్నుతో పెట్టావో పెన్సిల్‌తో పెట్టావో నాకు తెలియదు పెద్దదానా. పెన్సిల్ అయితే ఇంకా మంచిది. తుడిచి, తమ్ముడి గదిలోకి పోయి, మళ్లీ పెట్టుకోవచ్చు. మా అవ్వ ఆ ఒక్క టిక్కు పెట్టడానికి పదిహేనేళ్లు కూర్చుంది. పెట్టలేనప్పుడు పెట్టలేనని చెప్పింది. బండింటవ్వ పెట్టలేకపోయినా ఆకలికి ఆగలేక బల్లకు పోతూనే ఉండింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిద్ధపడ్డారో చెప్పమంటే నేను చెప్పలేను. ఇద్దరికీ దణ్ణం పెట్టడం ఒక్కటే నాకు వచ్చు.

వానలు పడి, సెనిక్కాయ విత్తనం వేసిన తర్వాత వచ్చిన బల్ల అది. అందరూ లేచేటప్పుడు అవ్వ కూడా లేచింది. ఎవరూ తల తిప్పి చూడలేదు, చూడనట్టు ఉన్నారు. ఆమె వచ్చి ముందు మోకరించింది. ఆమె పక్కన బండింటవ్వ, మోకాళ్లు వంగవు కాబట్టి నిలబడే, గోడ పట్టుకుని ముందుకు ఒరిగింది. వాళ్ల వెనకాలే నేను. ఇద్దరి అరచేతులూ ఒకే వరసలో చాచి ఉన్నాయి. అవ్వ రొట్టె నోట పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. భుజాలు ఒకసారి కదిలాయి.

ఇద్దరూ తిరిగేటప్పుడు బండింటవ్వ తూలితే అవ్వ రెక్క పట్టుకుంది. అలా ఒకరినొకరు పట్టుకుని వెనక్కి తిరిగి వస్తూ, అవ్వ ఆమె చెవి దగ్గర ఏదో అంది. పదిహేనేళ్లకు ఆమెతో అన్న మొదటి మాట. నేను వెనకాలే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"అక్కా, దీంట్లో ఉప్పే లేదే. ఇన్నేండ్లూ ఇట్లనే తింటా ఉంటిరా? ఒక్కరూ చెప్పలా నాకు."

"నువ్వు అడిగితివా?" అంది బండింటవ్వ.

దానికి మా అవ్వ దగ్గర సమాధానం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుడిలో, అందరి ముందర, నవ్వింది.